పదిలో ఆరు

జూలై 2

నిద్ర లేచి మంచినీళ్లకని వంటింట్లోకి వెళితే ఫ్రిజ్ తలుపు మీద నా గ్రాఫు! నాలుగు మూలలా టేపు వేసి, "పదిలో ఆరు" అని రాసినచోట ఎర్ర స్కెచ్ పెన్నుతో సున్నా చుట్టి ఉంది. నిన్న బల్ల మీద వదిలేసి పడుకున్న కాగితం అది. ఈ ఫ్రిజ్ మీద పెద్దమ్మ కరెంటు బిల్లు తప్ప ఇంకేదీ అంటించగా నేను చూడలేదు. పెళ్లిరోజుకి పెదనాన్న కష్టపడి రాసిన కవితకి కూడా ఆ గౌరవం దక్కలేదట. ఆయనే చెప్పి వాపోయారు.

"లేచావా నిఘంటువూ?" అంది పెద్దమ్మ, స్టవ్ దగ్గర్నించి వెనక్కి తిరక్కుండానే. "ఎన్నేళ్ల నుంచో జనం అడుగుతున్నారే నన్ను. అమ్మా, నువ్వు అమ్మే మ్యూచువల్ ఫండ్లు నిజంగా ఆ ఇండెక్స్ ఫండ్ కంటే నయమేనా అని. నోటితో చెప్పడమే గానీ కాగితం మీద చూపించింది లేదు. నువ్వు చూపించావు."

"కాలేజీ ప్రాజెక్టు కోసం చేశాను పెద్దమ్మా."

"ఎందుకోసం చేస్తేనేం, పనికొచ్చింది. నీ చదువు పనికొచ్చిన మొదటిరోజు ఇది. టీ తాగు."

టీలో రోజుకంటే చక్కెర ఎక్కువ వేసింది.

ఈ లెక్కని తేలిక మాటల్లో రాసి పెట్టుకోవాలి. మా గైడ్ మేడమ్ హఠాత్తుగా అడిగితే తడుముకోకూడదు. ఒక మేనేజరు తన తెలివితో షేర్లు ఏరి కొనేది మామూలు ఫండు. ఏరడం మానేసి, మార్కెట్ సూచీలో ఏమేం ఉంటే వాటన్నిటినీ అదే పాళ్లలో కొని కూర్చునేది ఇండెక్స్ ఫండు. ఏరినందుకు మామూలు ఫండు ఎక్కువ రుసుము తీసుకుంటుంది. ఆ రుసుములో కొంత ఏటేటా పెద్దమ్మలాంటి ఏజెంట్లకి కమిషన్‌గా వస్తుంది. ఇండెక్స్ ఫండు అమ్మితే ఆవిడకి వచ్చేది టీ ఖర్చుకి కూడా చాలదు. ఇక ప్రశ్న ఏమిటంటే, పదిహేనేళ్లు ఓపిక పడితే ఎవరు ముందుంటారు? నేను తెచ్చుకున్న జాబితాలో పదిహేనేళ్లు దాటిన ఫండ్లు నలభై రెండు. రుసుములన్నీ పోగా వాటిలో ఇరవై అయిదు, ఇండెక్స్ ఫండ్‌ని దాటేశాయి. పదిలో ఆరు.

బాగానే రాశాను. "ఓపిక పడితే" అన్న మాట బాగా కుదిరింది. "దీర్ఘకాలంలో" అంటే ఎవరో కోటు వేసుకుని మాట్లాడినట్టు ఉండేది.

జూలై 3

కరపత్రం. ఎంత చక్కని మాట! చేతిలో పెట్టే ఆకు. ఇన్నాళ్లూ పాంప్లెట్ అని పిలిచి దానికి అన్యాయం చేశాను.

పెద్దమ్మ రెండు వందల కరపత్రాలు అచ్చుకి ఇచ్చింది. ముందువైపు నా గ్రాఫు, వెనకవైపు ఆ నలభై రెండు ఫండ్ల పేర్లు. ఇరవయ్యో తారీకు ఆదివారం లైబ్రరీ హాల్లో సమావేశం. పాత ఖాతాదారులూ, చేరాలా వద్దా అని ఊగుతున్నవాళ్లూ వస్తారు. గ్రాఫు గోడ మీద పెద్దగా వేసి వివరించేది నేనేనట. ఏ చొక్కా వేసుకోవాలో అప్పుడే ఆలోచిస్తున్నాను. సిగ్గు లేదు నాకు.

జూలై 4

గైడ్ మేడమ్‌కి గ్రాఫు చూపించాను. చాలాసేపు చూశారు.

"జాబితా ఎక్కణ్ణించి తెచ్చావు?"

"ఫండ్ కంపెనీల సంఘం వెబ్‌సైటు నుంచండీ."

"ఎప్పటి జాబితా?"

"తాజాదేనండీ మేడమ్. పోయిన నెలది."

"తాజాదా?" అని కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు. "ఊఁ. దాని గురించి ఒకసారి కూర్చుని ఆలోచించుకుని రా." ఇంతలో ఆవిడకి ఫోను వచ్చింది. చేత్తోనే వెళ్లమన్నారు.

తాజా అనగానే ముఖం మారింది. నచ్చినట్టే ఉంది.

జూలై 8

కరపత్రాలు వచ్చాయి. ఇంకా అచ్చు వాసన పోలేదు. సాయంత్రం పెద్దమ్మా నేనూ మార్కెట్ వీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా తిరిగి పంచాం. పెద్దమ్మ నడుస్తుంటే ఊళ్లో సగం మంది పలకరిస్తారు, మిగతా సగం మంది అవతలి పేవ్‌మెంట్ మీదికి వెళ్లిపోతారు. బేకరీ ఆయన పిండి చేతులతోనే తీసుకుని, "మీ పిల్లేనా చేసింది? కన్నుల పండుగ్గా ఉంది" అన్నాడు. గ్రాఫు కన్నుల పండుగ్గా ఉండటం! నాకు నేల మీద కాళ్లు ఆనలేదు.

చివర్న టైలరమ్మ దుకాణం. మెళ్లో టేపు, నోట్లో గుండుసూదులు. సూదులు తీయకుండానే మాట్లాడుతుంది, అయినా ప్రతి ముక్కా అర్థమవుతుంది.

"ఇదేంటి వదినా, పెళ్లి శుభలేఖా?"

"నీకు పెళ్లి చేసే ఓపిక నాకు లేదు. చదువు."

టైలరమ్మ సూదులన్నీ తీసి దిండుకి గుచ్చి, కాగితాన్ని దీపం కిందికి తీసుకెళ్లింది. ఆవిడ దుకాణం వెనక గదిని పక్కనున్న ఫోటో స్టూడియోవాళ్లకి అమ్మేస్తోంది. ఆ డబ్బే ఆవిడ ముసలితనం మొత్తానికీ ఆధారం. పిల్లల్లేరు.

"కళ్లు ఇంకో అయిదేళ్లు వస్తాయి, వేళ్లు ఇంకో మూడేళ్లు. తరవాత కూర్చుని తినాలి" అంది, బట్ట కొలత చెప్పినంత మామూలుగా. నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు పిల్లా. మీ పెద్దమ్మ మాట నమ్మను, ఆవిడకి అమ్ముకోవడం అలవాటు. నీకు ఇందులో పైసా రాదు కదా. ఇది నిజమేనా?"

"నిజమేనండీ. ప్రతి అంకెనీ రెండుసార్లు సరిచూశాను."

సరిచూశాను. నిజంగానే రెండుసార్లు చూశాను.

జూలై 9

మందుల షాపు పైనున్న పెద్దమ్మ ఆఫీసులో మధ్యాహ్నం కరపత్రాలకి సమావేశం టైము చీటీలు స్టేపుల్ చేస్తూ కూర్చున్నాను. పెద్దమ్మ పాత ఖాతాదారు, పోస్టుమాన్‌గా రిటైరైన తాతగారు మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీర్చుకుని, కరపత్రం వెనక్కి తిప్పి పెద్దమ్మ ముందు పెట్టారు.

"ఏమ్మా, ఇందులో నా నీలం ఫండు లేదేమిటి? మీద నుంచి కిందికి నాలుగుసార్లు చదివాను."

నీలం ఫండు దాని అసలు పేరు కాదు. దాని కాగితాలు నీలంగా ఉండేవట, అందుకని ఖాతాదారులందరూ అలా పిలిచేవారట.

"అది ఎప్పుడో పోయింది బాబాయ్" అంది పెద్దమ్మ. "ఇంకో ఫండులో కలిపేశారు. మీ డబ్బు అందులో భద్రంగా ఉంది. అప్పుడే చెప్పాను మీకు."

"చెప్పావా? నేను విన్నానా?"

"మీరు ఊఁ అన్నారు."

"నేను అందరికీ ఊఁ అంటాను. ఎందుకు కలిపేశారు?"

"నడవలేదు కనక. బాగా నడిచేదాన్ని ఎవరైనా మూసేస్తారా బాబాయ్?"

తాతగారు నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వింది. ఇద్దరూ మోకాళ్ల నొప్పుల మీదికి వెళ్లిపోయారు.

నేను స్టేప్లర్ పట్టుకుని అలాగే ఉండిపోయాను. నడవనివాటిని మూసేస్తారు. మూసేసినవి ఇవాళ్టి జాబితాలో ఉండవు. ఇవాళ్టి జాబితా పట్టుకుని నేను పదిహేనేళ్ల వెనక్కి వెళ్లాను. అంటే దారిలో పడిపోయినవాళ్లని వదిలేసి, చివరి గీత దాకా వచ్చినవాళ్లనే లెక్కపెట్టి, అందరూ ఎంత బాగా పరిగెత్తారో అని రాశాను.

జూలై 10

మేడమ్ ముఖం మారింది నచ్చి కాదు.

జూలై 11

కాలేజీ లైబ్రరీలో కింది అంతస్తులో ఫండ్ల పాత వార్షిక సంచికలు ఉన్నాయి. పదిహేనేళ్ల కిందటిది వెతికి తీశాను. అప్పటికి ఉన్న ఫండ్లు డెబ్బై ఒకటి. ఒక్కో పేరూ చదివి, ఇవాళ్టి జాబితాలో ఉంటే టిక్కు పెట్టుకుంటూ పోయాను. హాజరు పిలిచినట్టే ఉంది. కొన్ని పేర్లకి ఎవరూ పలకలేదు. వాటిలో కొన్ని ఎంత అందమైన పేర్లో! పేరు పెట్టినవాళ్లు ఎంత ఆశతో పెట్టి ఉంటారో.

పలకనివి ఇరవై తొమ్మిది. ఒక్కోటీ మూతబడిన ఏడు దాకా లెక్క వేశాను. అప్పటికి ఇండెక్స్ ఫండ్ కంటే ముందున్నవి రెండే రెండు.

ఇరవై అయిదుకి రెండు కలిపితే ఇరవై ఏడు. డెబ్బై ఒకటిలో ఇరవై ఏడు. పదిలో నాలుగు కూడా లేవు.

తప్పు అంకెల్లో లేదు. ప్రతి అంకెనీ రెండుసార్లు సరిచూశాను కదా. ఎవరి అంకెలు తెచ్చుకున్నానో అది చూసుకోలేదు.

పెద్దమ్మకి రేపు చెప్తాను.

జూలై 12

చెప్పలేదు. పెద్దమ్మకి తలనొప్పి.

(తలనొప్పి పెదనాన్నకి. బస్సు నడిపి వచ్చి పడుకున్నారు. పెద్దమ్మ శుభ్రంగా ఉంది, పాటలు పాడుకుంటూ బట్టలు ఇస్త్రీ చేసుకుంది. ఆదివారం వేసుకోబోయేది ఇదేనంటూ నాకు చూపించింది కూడా. రేపు చెప్తాను.)

జూలై 13

ఇవాళ పొద్దుటి నుంచీ ఒకే పని చేశాను. కరపత్రం మీది వాక్యాన్ని నిజం చేయడం ఎలా అని.

"పదిలో ఆరు ఫండ్లు ఇండెక్స్‌ని దాటాయి." దీనికి "ఇవాళ ఉన్నవాటిలో" అని ముందు చేరిస్తే అబద్ధం కాదు. "కాలానికి నిలిచిన ఫండ్లలో పదిలో ఆరు" అంటే ఇంకా బాగుంది, నిలవడం వాళ్ల గొప్పతనమే అన్నట్టు వినిపిస్తుంది. "పరీక్షకి తట్టుకున్న మేటి ఫండ్లలో" అని రాసేసరికి నాకే ఒళ్లు పులకరించింది. ఒక్క అంకె కూడా మార్చక్కర్లేదు. ఎవరూ నన్ను తప్పుపట్టలేరు. మేడమ్ కూడా.

కాగితం నిండా రాశాను. రాసేకొద్దీ వాక్యాలు అందంగా తయారయ్యాయి. చివర్న అన్నీ వరసగా చదువుకుంటే తెలిసింది, అందం పెరిగినచోటల్లా టైలరమ్మకి అర్థమయ్యేది తగ్గుతోంది.

మాటలు ఇంత చెప్పినట్టు వింటాయని నాకు తెలియదు. కాస్త భయమేసింది.

జూలై 14

వాన. రోజంతా చదువుకున్నాను. రేపు తప్పకుండా.

జూలై 15

చెప్పేశాను.

సాయంత్రం ఆఫీసులో ఉన్నాం. టైలరమ్మ వచ్చింది, మెళ్లో టేపు లేకుండా. టేపు లేకపోతే ఆవిడ వేరే ఎవరోలా ఉంది. సంచీలోంచి చెక్కుబుక్కు తీసి బల్ల మీద పెట్టింది.

"గది డబ్బు వచ్చేసింది వదినా. ఆదివారం దాకా ఎందుకు, ఈ పిల్ల లెక్క చూశాను కదా. నువ్వు చెప్పిన ఫండులోనే మొత్తం వేసెయ్."

"మొత్తమా?"

"మొత్తమే. సగం సగం కుట్టడం నాకు చేతకాదు."

పెద్దమ్మ ముఖం వెలిగిపోయింది. ఇంత పెద్ద ఖాతా ఆవిడకి ఈ ఏడాదిలో ఇదే. ఫారం తీసి, పెన్ను మూత తీసింది.

"పెద్దమ్మా, ఒక్కసారి లోపలికి రా."

"లోపలెక్కడే? ఉన్నది ఒకటే గది."

"అయితే బయటికి రా."

మెట్ల దగ్గర నిలబడ్డాం. కింద మందుల షాపులో ఎవరో దగ్గు సిరప్ అడుగుతున్నారు. నేను ఏవేవో సిద్ధం చేసుకున్న వాక్యాలు ఒక్కటీ రాలేదు. "లెక్క తప్పు పెద్దమ్మా. చచ్చిపోయిన ఫండ్లని కలపలేదు. కలిపితే పదిలో నాలుగు కూడా లేవు" అన్నాను.

పెద్దమ్మ పెన్ను మూత పెట్టింది. "నీలం ఫండు లాంటివా?"

"అలాంటివి ఇరవై తొమ్మిది."

ఆవిడకి ఇంకేమీ వివరించాల్సిన పని లేకపోయింది. నేను రెండు రోజులు గింజుకున్నది ఒక్క క్షణంలో పట్టేసింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"శుక్రవారం."

"ఇవాళ మంగళవారం." కింద దగ్గు సిరప్ తీసుకున్నవాళ్లు వెళ్లిపోయిన తరవాత అంది, "లెక్క తప్పితే తప్పింది. నాలుగు రోజులు నా పక్కన కూర్చుని టీ తాగావు చూడు, అదీ..."

మాట పూర్తి చేయలేదు. లోపలికి వెళ్లి టైలరమ్మతో, "ఇవాళ సర్వర్ పనిచెయ్యడం లేదు, ఆదివారం మీటింగు అయ్యాకే చూద్దాం" అంది. టైలరమ్మ ఆవిడని చూసి, నన్ను చూసి, చెక్కుబుక్కు సంచీలో పెట్టుకుంది.

"మీ సర్వర్ ముఖం పాలిపోయిందేంటి?" అని నా బుగ్గ తట్టి వెళ్లింది.

ఇంటికి ఇద్దరం నడిచే వచ్చాం. పెద్దమ్మ ముందు, నేను వెనక.

జూలై 16

పెద్దమ్మ నాతో మాట్లాడలేదు. టీ ఇచ్చింది. చక్కెర మామూలుగానే వేసింది.

జూలై 17

కాలేజీ నుంచి వచ్చేసరికి వంటింటి బల్ల ముందు కుర్చీ లాగి పెట్టి ఉంది. కూర్చోమన్నట్టు గడ్డంతో సైగ చేసింది పెద్దమ్మ.

"నేను అమ్మినవి ఎలా ఉన్నాయో చూడు. పోయినవి కూడా కలుపు."

"పోయినవాటి పేర్లు వెతకాలి పెద్దమ్మా, సంచిక లైబ్రరీలో..."

"రాసుకో." కళ్లు మూసుకుని చెప్పుకుంటూ పోయింది. ఏ ఫండు ఏ ఏడు మొదలైంది, ఎవరికి మొదట అమ్మింది, ఏది ఏ ఏడు దేంట్లో కలిసింది. పోయినవాటి గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించింది. మొత్తం పద్నాలుగు.

నేను లెక్క వేస్తుంటే పక్కనే నిలబడి గిన్నె తుడిచింది. అదే గిన్నె.

"అయిదు" అన్నాను. "పద్నాలుగులో అయిదు దాటాయి."

"మిగతా తొమ్మిది?"

"వెనకే ఉన్నాయి."

"చాలా వెనకా?"

"మూడు చాలా వెనక. మిగతావి కొద్దిగా. ఏటా వాళ్లు తీసుకున్న రుసుమంత, ఒక శాతం."

కొద్దిగా అన్న మాట వాడినందుకు నాకు ఒళ్లు మండింది. వంద పెట్టి ఇరవై ఏళ్లు ఆగితే, ఏటా పన్నెండు శాతం పెరిగినచోట తొమ్మిది వందల అరవై నాలుగు అవుతుంది. పదకొండే పెరిగితే ఎనిమిది వందల ఆరు. ఒక్క శాతం అంటే వినడానికి ఎంత చిన్న మాట! ఇదే పెద్దమ్మకి రాసి చూపించాను. ఈసారి "కొద్దిగా" అనలేదు.

పెద్దమ్మ గిన్నె కింద పెట్టింది. అప్పుడు నవ్వింది. నేను ఏడుస్తుందనుకున్నాను. "ఇన్నేళ్లు మార్కెట్టంతా నా అరచేతిలో ఉందనుకున్నానే. అందరూ ఎలా ఏరారో నేనూ అలాగే ఏరానన్నమాట."

తలుపు దగ్గర బూట్లు విప్పుకుంటూ పెదనాన్న అన్నారు: "నన్ను ఏరుకున్న రోజే నాకు తెలిసింది నీ ఏరుడు సంగతి."

"మీతో ముప్పై ఏళ్లు ఉన్నది ఏరుకుని కాదు, ఓపిక పట్టి" అంది పెద్దమ్మ.

ముగ్గురం నవ్వాం. గోడకి ఆనుకుని పొట్ట పట్టుకుని నవ్వాను. తరవాత అన్నాల దగ్గర, కమిషన్ తగ్గితే ఇల్లు ఎలా నడుస్తుందన్న మాట రాలేదు. నా కాలేజీ ఫీజు మాట కూడా రాలేదు. నేనూ తేలేదు.

జూలై 18

మేడమ్‌కి డెబ్బై ఒకటి జాబితా చూపించాను. మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా వేలు పెట్టి చూశారు. "ఇప్పుడు మొదలుపెట్టావు ప్రాజెక్టు" అన్నారు. మొదలుపెట్టావు! నేను అయిపోయిందనుకుంటుంటే.

అయినా ఆనందంగా ఉంది. ఎందుకో రాయడానికి మాట దొరకడం లేదు. దొరికినప్పుడు ఇక్కడ రాస్తాను.

జూలై 19

"రేపు రెండు గ్రాఫులూ తయారుగా పెట్టు" అంది పెద్దమ్మ. ఏం చెప్పబోతోందో చెప్పలేదు. అడిగితే, "నీకు చెప్తే అందంగా దిద్దుతావు. వద్దు" అంది.

జూలై 20

హాల్లోకి ముప్పై మంది దాకా వచ్చారు. బల్ల మీద టీ, బిస్కెట్లు. నేను ప్రొజెక్టరు దగ్గర. మొదట పాత గ్రాఫు వేయమంది పెద్దమ్మ. గోడ మీద "పదిలో ఆరు" నా అంత ఎత్తున వెలిగింది.

"ఇది మీ అందరికీ ఇచ్చాను" అంది పెద్దమ్మ. "ఇది తప్పు."

కుర్చీలు కిర్రుమన్నాయి. పెద్దమ్మ ముందు వరసలో ఉన్న టైలరమ్మ వైపు తిరిగింది.

"నీ షోకేసులో గౌన్లు పెడతావు కదా. ఏవి పెడతావు?"

"బాగా కుదిరినవి. చెడగొట్టినవి ఎవరైనా పెడతారా?"

"చెడినవాటిని ఏం చేస్తావు?"

"విప్పేసి దిండు గలీబులు కుడతాను."

హాలంతా నవ్వింది.

"ఫండ్ కంపెనీలూ అంతే" అంది పెద్దమ్మ. "చెడినవాటిని విప్పేసి ఇంకోదాంట్లో కలిపేస్తారు. మేము షోకేసులోవి లెక్కపెట్టి, దర్జీ చెయ్యి ఎంత మంచిదో అని మీకు కాగితం పంచాం. దిండు గలీబులు కూడా లెక్కపెడితే ఇదిగో." నా వైపు చెయ్యి చూపించింది. రెండో గ్రాఫు వేశాను.

నేను ఒక రోజంతా కూర్చుని రాసిన వాక్యాలన్నీ ఆ దిండు గలీబు ముందు ఎందుకూ పనికిరావు.

బ్యాంకులో క్యాషియర్‌గా రిటైరైనాయన లేచి నిలబడ్డాడు. "అయితే మాకు ఇన్నేళ్లు అమ్మినవో?"

"నేను అమ్మినవి పద్నాలుగు. అయిదు గెలిచాయి. మీకు అమ్మినవి రెండు సార్. రెండూ ఓడాయి."

"ఎంత చల్లగా చెప్తున్నావమ్మా!"

"వణుకుతూనే చెప్తున్నాను సార్. ఇక్కణ్ణించి కనిపించడం లేదు."

ఆయన బయటికి నడిచాడు. తలుపు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, బల్ల మీద నుంచి రెండు బిస్కెట్లు తీసుకుని మళ్లీ వెళ్లాడు. ఇంకో దంపతులు ఆయన వెనకే వెళ్లారు. వాళ్లు బిస్కెట్లు తీసుకోలేదు. అది ఎక్కువ బాధ అనిపించింది.

టైలరమ్మ కుర్చీలో ముందుకి జరిగింది. "వదినా, ఒక మాట. ఆ ఇండెక్స్ ఫండు ఎవరైనా నేరుగా కొనుక్కోవచ్చా?"

"కొనుక్కోవచ్చు."

"అయితే ఇక నువ్వెందుకు?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. పెద్దమ్మకీ తెలుసు. గది మొత్తం ఆవిడ నోటి వైపే చూస్తోంది.

"గెలిచే ఫండు ఏరి పెట్టడానికైతే నేనక్కర్లేదు, తేలిపోయింది కదా" అంది. "మార్కెట్ సగానికి సగం పడిపోయిన ఏడు గుర్తుందా బాబాయ్?" వెనక వరసలో పోస్టుమాన్ తాతగారు తల ఊపారు. "రోజుకి మూడుసార్లు ఫోను చేసేవారు, అమ్మేస్తానని. ఆ ఏడంతా నేను చేసిన పని మీ ఫోను ఎత్తడం, వద్దనడం. అంతే. ఇండెక్స్ ఫండైనా పడుతుంది. పడినప్పుడు మిమ్మల్ని ఆపేవాళ్లు కావాలనుకుంటే నేనుంటాను. దానికి ఏడాదికింత అని నేరుగా అడుగుతాను, ఫండులోంచి తీసుకోను. అక్కర్లేదనుకుంటే ఎలా కొనుక్కోవాలో ఇవాళే ఉచితంగా చూపించి పంపిస్తాను."

"నేనా అమ్మేస్తానన్నది?" అన్నారు తాతగారు. "ఊఁ. అని ఉంటాను."

టైలరమ్మ కాసేపు వేళ్లు ముడిచి విప్పింది. "నేను కుట్టుకూలి ఇంత అని ముందే చెప్పి తీసుకుంటాను. గుడ్డలో మిగుల్చుకుని, అడిగితే సరిపోయిందని చెప్పే దర్జీలని చూశాను. నువ్వు ఇన్నాళ్లూ గుడ్డలో మిగుల్చుకున్నావన్నమాట."

పెద్దమ్మ చెవులు ఎర్రబడ్డాయి. "అవును" అంది.

"ఇప్పుడు కూలి చెప్తానంటున్నావు. చెప్పు, ఎంతో."

పెద్దమ్మ చెప్పింది. టైలరమ్మ బేరం ఆడింది. అందరి ముందూ నిలబడి గట్టిగా ఆడింది. ఇద్దరూ ఒక అంకె దగ్గర ఆగారు. ఆ తరవాత పెద్దమ్మే అంది, మొత్తం ఇందులో పెట్టొద్దని, వేళ్లలో బలం ఎన్నేళ్లుంటుందో తెలియనప్పుడు దగ్గర్లో కావలసిన డబ్బు బ్యాంకులోనే ఉంచమని, పదిహేనేళ్లు ముట్టుకోకుండా ఉండగలిగినంతే ఇండెక్స్ ఫండులో వేయమని.

"సగం సగం కుట్టడం నాకు చేతకాదన్నానుగా."

"అందుకే కదా కూలి తీసుకుంటున్నది."

మొత్తం మీద పద్దెనిమిది మంది ఉండిపోతామన్నారు. ఏడుగురు తామే కొనుక్కుంటామంటే వాళ్లకి ఫోన్లలో ఎలా చేయాలో నేను కూర్చుని చూపించాను. అందులో ఒకావిడ నన్ను "మేడమ్" అంది! మిగతావాళ్లు ఆలోచించుకుంటామన్నారు. ఆ మాట ఎంత మర్యాదైనదో నాకు ఇప్పుడు తెలుసు.

హాలు ఊడ్చి తాళం పెట్టి వస్తుంటే పెద్దమ్మ నా పక్కనే నడిచింది. వచ్చే ఏడు ఖర్చులు తగ్గించుకోవాలంది. ఏమేం తగ్గించాలో ఇద్దరం చెప్పుకుంటూ వచ్చాం. నేను కొత్త చొక్కా అన్నాను. ఆవిడ పెదనాన్న అంది. చాలా రోజుల తరవాత నేను మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

బూట్లు విప్పుతూ ఆవిడే గుర్తు చేసింది, పంచినవి రెండు వందలని. వచ్చినవాళ్లు ముప్పై మంది. మిగతా కాగితాలు ఇంకా ఇళ్లల్లోనూ దుకాణాల్లోనూ ఉన్నాయి. ఎవరైనా వాటిని చూసి తమ డబ్బంతా ఎక్కడైనా పెట్టేయవచ్చు. బేకరీ ఆయన అయితే గల్లాపెట్టె పైన గోడకి అంటించాడట, రొట్టె కొన్న ప్రతివాళ్లూ చదువుతున్నారట.

"ఇద్దరం పంచాం కదా. ఇద్దరమే తిరిగి చెప్పి రావాలి" అంది.

"ఏమని చెప్పాలి?"

"మాటలు నీ శాఖ."

కొత్త గ్రాఫు నలభై కాపీలు తీసి ఉంచాను. మార్కెట్ వీధి ఈ చివర నుంచి మొదలు. రేపు పొద్దున్నే, మొదటి రొట్టెలు బయటికి తీసే వేళకి బేకరీ దగ్గర ఉండాలి. జనం రాకముందే గోడ మీది కాగితం దిగిపోవాలి. ముందు నేనే మాట్లాడాలట. "లెక్క మారిందండీ" అని మొదలుపెట్టవచ్చు, లేదా "నేను తప్పు చేశానండీ" అని మొదలుపెట్టవచ్చు. మొదటిది వినడానికి బాగుంది. రెండోది అంటాను.